ముప్పై సామి

డాక్టరు యతిరాజులును ముఖం మీద ఎవరూ ఆ పేరుతో పిలవలేదు గాని, నగరి నుంచి కార్వేటినగరం దాకా చంకకర్రలతో నడిచేవాళ్ళందరికీ ఆయన 'ముప్పై సామి'. వికలాంగుల పింఛను రావాలంటే సదరం సర్టిఫికెట్టు మీద వైకల్యం నూటికి నలభై అయినా ఉండాలి. ఆ అంకె వేసే ఎముకల డాక్టరు ఆయనే. నలభై రాయడానికి ఆయనకు చెయ్యి వచ్చేది కాదు. గదిలో నుంచి ఎవరైనా మొహం వేలాడేసుకుని బయటికొస్తే, వరసలో ఉన్నవాళ్ళు ఎంత వేశాడని అడిగేవాళ్ళు కూడా కాదు.

అంతమాత్రాన మనిషి దుర్మార్గుడా అంటే కాదు. ఇరవై ఎనిమిదేళ్ళ ప్రభుత్వ ఉద్యోగంలో ఒకరి దగ్గర కాఫీ కూడా ఊరికే తాగలేదు. కార్వేటినగరంలో గుళ్ళో తీర్థమిచ్చే అయ్యవారి కొడుకు. తిరుపతిలో సత్రం భోజనం తిని డాక్టరు చదివాడు. ఆయన కోపమంతా దొంగల మీద. రాయిలాంటి మనిషి కుంటుకుంటూ వచ్చి పింఛను రాయించుకుపోతే, నిజంగా కాలు లేనివాడు ఆఫీసుల చుట్టూ తిరుగుతుంటాడు గదా, అది ఆయనకు సహించేది కాదు. "దొంగవాడు తినేది కుంటివాడి నోటికాడ కూడు" అనేవాడు. మాట నిజమే. నిజమైన మాటను పట్టుకునే మనిషి ఎంతదూరం తప్పుదారిన పోగలడో యతిరాజులును చూస్తే తెలుస్తుంది.

దొంగల్ని పట్టడానికి ఆయన దగ్గర ఒక కిటుకు ఉండేది. చాలా ఏళ్ళ కిందట చిత్తూరు నుంచి ఒక పెద్దమనిషి కుడిచెయ్యి చచ్చుబడిందని గుడ్డతో మెడకు వేలాడదీసుకుని వచ్చాడు. పరీక్ష మధ్యలో జేబులో ఫోను మోగింది. ఆ మహానుభావుడు చచ్చిన చేత్తోనే ఫోను తీసి, "డాక్టరు కాడ ఉండా, మళ్ళా చేస్తా" అని చెప్పి, ఆ చేతిని భద్రంగా మళ్ళీ గుడ్డలో పెట్టుకున్నాడు. ఆ రోజు ఆసుపత్రంతా నవ్వింది. అప్పటినుంచి యతిరాజులు, చెయ్యి బాగాలేదని ఎవరొచ్చినా పాత సర్టిఫికెట్టు చూసి, బల్ల మీద పెట్టకుండా తనే చాచి "ఇదిగో, తీసుకో" అనేవాడు. ఏ చెయ్యి ముందుకొస్తుందో చూసేవాడు. నోరు అబద్ధమాడుతుంది గాని చెయ్యి ఆడదని కొత్తగా వచ్చిన డాక్టర్లకు కూడా నేర్పాడు.

ఆ ఏడు పింఛను తీసుకుంటున్న వాళ్ళందరినీ మళ్ళీ పరీక్షించమని పైనుంచి ఉత్తర్వులొచ్చాయి. రోజుకు ఎనభై మంది. ఎండకు వరండాలో మనుషులు సొమ్మసిల్లుతున్నారు. మధ్యాహ్నం ఒంటిగంటకు, అన్నం వేళ దాటిపోతుండగా, కోదండం వంతు వచ్చింది.

కోదండం నగరి పక్కన మరమగ్గం నేసేవాడు. ఎనిమిదేళ్ళ కిందట షెడ్డు మెట్ల మీద జారిపడి కుడి మోచెయ్యి నుజ్జయింది. ఆసుపత్రికి పోకుండా పుత్తూరు పోయి నాటువైద్యుల కట్టు కట్టించుకున్నాడు. చెయ్యి దక్కింది గాని మోచెయ్యి బిగుసుకుపోయింది, వేళ్ళలో పట్టు లేదు. పాత సర్టిఫికెట్టులో అరవై ఉంది. అప్పట్నించీ ఇంట్లో కూర్చుని ఎడమచేత్తో నూలు కండెలు చుడుతూ, పింఛనుతో నెట్టుకొస్తున్నాడు. పెద్ద డాక్టరు దగ్గరికి పోతున్నాడని భార్య పెంచలమ్మ ఉతికిన చొక్కా తొడిగి, బొత్తాలు పెట్టి, తల దువ్వి పంపింది.

"ఎక్స్‌రే ఏదప్పా?" అన్నాడు యతిరాజులు.

"అప్పుడు తీయలేదు సామీ. పుత్తూరు కట్టు."

యతిరాజులుకు చిర్రెత్తుకొచ్చింది. ఎముక విరిగినవాడు ముందు పుత్తూరు బస్సెక్కి, తర్వాత తీరిగ్గా తన దగ్గరికి రావడం ఇరవై ఎనిమిదేళ్ళుగా చూస్తున్నాడు. మాట పెంచకుండా పాత సర్టిఫికెట్టు చాచి, "తీసుకో" అన్నాడు.

కోదండం ఒక్క క్షణం ఆ కాగితం వైపు చూశాడు. తర్వాత కుడిచెయ్యి ముందుకొచ్చింది. రెండు వేళ్ళతో కాగితం పట్టుకుని, వంగి కళ్ళకద్దుకున్నాడు. ఆ కుడిచేతిని బల్ల కింద నుంచి ఎడమచెయ్యి ఎత్తిపట్టుకుని ఉందని డాక్టరు చూడలేదు. ఆయన అప్పటికే ముప్పై రాసేశాడు. చెయ్యి పట్టుకుని చూడనైనా లేదు.

"మంచిది సామీ" అని కోదండం దణ్ణం పెట్టి వెళ్ళిపోయాడు.

మూడు వారాల తర్వాత ఒక సోమవారం, ఓపీలో రద్దీ తగ్గాక, పెంచలమ్మ ఊరి సచివాలయం వాళ్ళిచ్చిన నోటీసు పట్టుకుని వచ్చింది. పింఛను ఆగిపోయిందని, అభ్యంతరముంటే పరీక్ష జరిగిన నాటి నుంచి నెలలోపల అప్పీలు చేసుకోవచ్చని అందులో ఉంది.

"మీ ఆయన చెయ్యి నేను చూసినానమ్మా" అన్నాడు యతిరాజులు. "కాగితం కుడిచేత్తోనే తీసుకున్నాడు."

ఆమె అర్థం కానట్టు చూసింది. "మీరిచ్చిన కాయితం గదా సార్. ఎడంచేత్తో యెట్ల తీసుకుంటాడు?"

ఆ అడగడంలో ఎత్తిపొడుపు లేదు. ఇంత చదువుకున్న మనిషికి ఈ మాత్రం తెలియదా అన్న ఆశ్చర్యమే ఉంది.

"ఇంట్లో అన్నం నేనే కలిపి ముద్దలు పెడతాండా సార్. స్పూనిస్తా, ఎడంచేత్తో తినుకోమంటే వినడు. అన్నాన్ని ఎడంచేత్తో ముట్టకూడదంటాడు. ఇంగ మీకాడ ఎడంచెయ్యి చాపుతాడా?"

యతిరాజులు తండ్రి నలభై ఏళ్ళు తీర్థమిచ్చాడు. ఎడమ అరచేతిలో ఒక్క చుక్క పొయ్యలేదు. చిన్నప్పుడు ఆటలో పడి ఎడమచెయ్యి చాపినందుకు కణుపుల మీద ఉద్ధరిణతో కొట్టించుకున్నది ఈయనే. ముంజేతి కంకణానికి అద్దమెందుకు? ఇది ఒకరు చెప్తే తెలుసుకోవలసిన సంగతా? బుద్ధి గలవాడికి మొదటిరోజే తట్టాలి. తట్టలేదు. కిటుకు మీద ప్రేమ కళ్ళకు అడ్డమొచ్చింది. అబద్ధమాడేవాడు జాగ్రత్తగా ఎడమచెయ్యి చాపి ఉంటాడు. నెప్పి ఓర్చుకుని కుడిచెయ్యి చాపింది మర్యాద తెలిసినవాళ్ళే. ఇన్నేళ్ళలో అట్లాంటి వాళ్ళు ఎందరో లెక్కవేయబోయాడు. ఎవరి ముఖమూ గుర్తు రాలేదు. ఆయనకు సిగ్గేసింది, భయం కూడా వేసింది.

"అప్పీలు పెట్టండమ్మా. నాదే తప్పని నేను రాసిస్తా."

"ఆయన ఒప్పుకోవడంలే సార్. సంతకం పెట్టనంటాండాడు. పది దినాలుగా షెడ్డుకు పోతాండాడు."

"షెడ్డుకా? ఆ చేత్తోనా?"

"అంత పెద్ద డాక్టరు చూసి రాసినాడు, నా సెయ్యి బాగుండాది, నేనే భయపడి వాడకుండా పెట్టుకున్న్యాను అంటాండాడు సార్. రాత్రిళ్ళు నెప్పికి మూలగతాడు. అడిగితే, మొదట్లో అట్లే ఉంటాదిలే అంటాడు. మీరొక మాట చెప్తే వింటాడేమోనని వచ్చినా."

బుధవారంతో గడువు తీరిపోతుందనగా, ఆదివారం యతిరాజులు అప్పీలు కాగితం, తన తప్పును ఒప్పుకుంటూ రాసిన ఉత్తరం జేబులో పెట్టుకుని తనే నగరి వెళ్ళాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే గాని, ఆ మాత్రమైనా చేశాడని చెప్పాలి.

రేకుల షెడ్డులో పది మగ్గాలు ఒక్కసారిగా మోగుతున్నాయి. మూల మగ్గం దగ్గర కోదండం తెగిన పోగు ముడి వేస్తున్నాడు. కుడిచేతి వేళ్ళు దారాన్ని పట్టలేకపోతే పళ్ళతో పట్టుకున్నాడు. డాక్టరును చూడగానే మగ్గం ఆపి, ముఖమంతా నవ్వు చేసుకుని బయటికి వచ్చాడు.

"సూడండి సామీ, మీరు రాసినట్టే పనిచేస్తాండాది."

"లేదప్పా. నేను తప్పు రాసినాను. నీ చెయ్యి బాగాలేదు. దీని మీద సంతకం పెట్టు, మిగతాది నేను చూసుకుంటా."

కోదండం నవ్వు తగ్గింది. కాగితం వైపు చూశాడు గాని చెయ్యి చాపలేదు. "పెంచలమ్మ మీకాడికొచ్చి ఏడ్చినట్టుండాది. మీరు మంచోళ్ళు సామీ, జాలిపడి ఈడిదాకా వచ్చినారు. ఆడ కుర్చీలో కూర్చున్నప్పుడు మీరు డాక్టరు. ఈడికొచ్చింది మనిషి. డాక్టరు రాసిందే గదా నిజం?"

"ఆ రోజు నీ చెయ్యి ముట్టుకోలేదప్పా నేను. చూడకుండా రాసినాను."

"మీకు ముట్టుకోవాల్నా సామీ? ఇన్నేండ్ల అనుభవం. సూస్తే తెలీదా?" గొంతు తగ్గించాడు. "మీరు రాసినకాడ్నించి అన్నం దిగడంలే నాకు. బాగుండే సెయ్యి పెట్టుకోని, ఎనిమిదేండ్లు ఇంకొకరి నోటికాడ కూడు తిన్న్యానే."

తను గొప్పగా చెప్పుకునే మాట ఈ మనిషి నోట ఇట్లా వినవలసి వస్తుందని యతిరాజులు ఎన్నడూ అనుకోలేదు. వాదించి లాభం లేదనిపించింది. "చెయ్యి ఇట్లియ్యి" అని, కోదండం కుడిచేతిని మొదటిసారి తన చేతుల్లోకి తీసుకున్నాడు. మోచెయ్యి మెల్లగా వంచాడు. సగం దగ్గర గడియ పెట్టినట్టు ఆగిపోయింది. అంత నుజ్జయిన కీలును తను కోసి అతికించినా ఇంతకంటే బాగు చేయలేడని ఆ క్షణంలోనే తెలిసింది. అరవై వేసిన పాత డాక్టరెవరో గాని, ఆయన చెయ్యి పట్టుకుని చూశాడు.

"చూస్తివా? ఇంక పోదు."

"పోతాది సామీ" అన్నాడు కోదండం. ఎడమచేత్తో తన కుడి మణికట్టు పట్టుకుని భుజం వైపు నొక్కాడు. పళ్ళు బిగుసుకున్నాయి. నుదుటి మీద చెమట పట్టింది. లోపల ఎముక ఎముకను ఒరుసుకోవడం డాక్టరు వేళ్ళకు తెలుస్తోంది. "ఇంకొంచెం పోతాది. సూడండి."

"చాలప్పా, వదులు" అంటూ యతిరాజులు తనే ముందుగా చెయ్యి వదిలేశాడు.

కోదండం చేతిని కడుపుకు ఆనించుకుని, ఊపిరి తిప్పుకుంటూ అడిగాడు. "బాగుండాది గదా సామీ?"

ఆయన జవాబు చెప్పేలోపే లోపలి నుంచి ఎవరో కేకేశారు. కోదండం మగ్గం దగ్గరికి వెళ్ళిపోయాడు. బుధవారం సాయంత్రం ఐదింటికి గడువు ముగిసింది. అప్పీలు కాగితం మీద సంతకం పడలేదు.