కాలేజీ అంతటికీ ఒక్కరే తండ్రి

నేను డేటాబేసులు చూసుకునే ఉద్యోగం చేస్తాను. రాజమండ్రిలో ఈ మాట ఎవరికి చెప్పినా "ఓహో, అలాగా అండి" అని తలూపుతారు. తర్వాత పక్కకెళ్లి మా ఆయన్ని "ఇంతకీ మీ ఆవిడగారు ఏం చేస్తారండీ?" అని అడుగుతారు. మా అత్తగారు మాత్రం ఎవరికీ అనుమానం మిగలనివ్వదు. "కంప్యూటర్లో జాబితాలుంటాయి కదండి, అవి పాడవకుండా మా కోడలు కాపలా కాస్తుందండి" అని చెప్పేస్తుంది. అంతకంటే బాగా నేనూ చెప్పలేను.

ఇంట్లో కూర్చుని చేసే కాపలా కాబట్టి పక్క సీట్లో అడగడానికి ఎవరూ ఉండరు. అందుకని ఆరేళ్ల క్రితం ఫోన్లో ఒక గ్రూపు పెట్టాను. డేటాబేసుల మీద పనిచేసేవాళ్లు తెలుగులో అడిగి తెలుగులోనే జవాబులు తెలుసుకోవాలని నా ఆశ. మొదట్లో పదకొండు మందిమి. వాళ్లలో నలుగురు మా చుట్టాలు, మొహమాటానికి చేరారు. మా పెద్దమ్మ కొడుక్కి ఎరువుల కొట్టు ఉంది. వాడు ఇప్పటికీ గ్రూపులో ఉన్నాడు, ప్రతి పోస్టుకీ ఒక దండం పెడతాడు. గ్రూపు పెంచాలనే పిచ్చిలో నేను ఎవరి పెళ్లికెళ్లినా కంప్యూటర్ ఉద్యోగాలవాళ్లెవరో వాకబు చేసి, చేతులు కడుక్కునే చోటే పట్టుకుని చేర్పించేదాన్ని. అలా కొన్నేళ్లకి హైదరాబాదు నుంచీ, బెంగళూరు నుంచీ కూడా జనం వచ్చి చేరారు.

కానీ సగానికి పైగా గోదావరి వాళ్లే. చిక్కంతా అక్కడే వచ్చింది.

"సర్వర్ బాగా నెమ్మదించిందండి. పెద్దలెవరైనా చెబుతారా?" అని ఒకాయన అడుగుతాడు.

"మీకు తెలియనిదేముందండి" అని ఇంకొకాయన.

"అయ్యో, మీ ముందు నేనెంతండి."

"గురువుగారుండగా నేను మాట్లాడితే బాగుండదండి" అని మూడో ఆయన.

సాయంత్రానికి సర్వర్ పూర్తిగా ఆగిపోయేది, మర్యాదలు మాత్రం నడుస్తూనే ఉండేవి. ఎవరైనా తప్పుడు కమాండ్ పెట్టినా తప్పని చెప్పేవాళ్లు లేరు. "చాలా బాగుందండి, వీలైతే ఇంకోసారి చూసుకుంటే ఇంకా బాగుంటుందేమోనండి" అనేవారు. నాకు ఓపిక తక్కువ. ఒళ్లు మండి, ఇక వీళ్లతో కాదని ప్రతి సోమవారం నేనే ఒక చిట్కా రాసి పెట్టడం మొదలెట్టాను. దానికి దండాలే దండాలు. నేను రాసింది ఎవరైనా చదువుతున్నారో లేదో కూడా తెలిసేది కాదు.

గ్రూపులో గురువుగారంటే ధవళేశ్వరం పెద్దాయన. ఇరిగేషన్ ఆఫీసులో కాలవల నీటిమట్టాల డేటాబేసు చూసి రిటైరయ్యారు. పాతకాలం డేటాబేసుల్లో ఆయనకు తెలియని మూల లేదు. ఆయనతో ఇబ్బందల్లా ఒకటే. రోజూ పొద్దున్న ఆరింటికి సూర్యోదయం బొమ్మ, దానిమీద రెండు గులాబీలు, కింద చీమల బారులాంటి అక్షరాలతో ఏదో సూక్తి పెట్టేవారు. ఒక మంగళవారం నాకు తిక్క రేగింది. ఆ బొమ్మ తీసేసి, "ఇది టెక్నికల్ గ్రూపు. గుడ్ మార్నింగులు ఇంట్లో చెప్పుకోండి" అని రాశాను.

"అలాగేనమ్మా" అన్నారు ఆయన. అంతే, ఆ రోజు నుంచి గ్రూపులో నోరు విప్పలేదు. మా వైపు పెద్దవాళ్లు ముక్తసరిగా అలాగేనమ్మా అని ఊరుకున్నారంటే పీకలదాకా కోపం వచ్చినట్టే. ఆ సంగతి తెలిసి కూడా పట్టించుకోలేదు నేను.

ఆ పై వారం గురువారం పొద్దున్న నిడదవోలు అమ్మాయి గ్రూపులో ఒకే వాక్యం పెట్టింది: "అందరూ నా కోసం ప్రార్థన చేయండి." ఆ అమ్మాయి అక్కడ ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీ ఆఫీసులో పనిచేస్తుంది. విద్యార్థుల జాబితాలన్నీ తనే చూసుకోవాలి. ఉద్యోగం కొత్త, ఇంకా పర్మనెంటు కాలేదు.

నిమిషాల్లో గ్రూపు నిండిపోయింది. "ఆమెన్." "దేవుడు మేలు చేస్తాడండి." ఎరువుల కొట్టు తమ్ముడు ఏడుకొండలవాడి బొమ్మ పెట్టాడు. ఏం జరిగిందమ్మా అని ఒక్కరూ అడగలేదు. అడిగితే ఆ పిల్ల నొచ్చుకుంటుందని. నేను ఫోన్ చేశాను.

"అక్కా, ఒక స్టూడెంటు నాన్నగారి పేరు తప్పు పడిందండి" అంది ఏడుస్తూ. "సరిచేద్దామని గ్రూపులో చూసిన కమాండ్ కొట్టేనండి. ఇప్పుడు అందరికీ ఆయనే నాన్నగారండి."

"అందరికీ అంటే?"

"కాలేజీ మొత్తానికండి. అమ్మాయిలకీ, అబ్బాయిలకీ. ప్రిన్సిపాల్ గారి అబ్బాయి ఇక్కడే చదువుతున్నాడండి, ఆ అబ్బాయికి కూడానండి."

నవ్వొచ్చింది. నవ్వితే పాపమని పంటి బిగువున ఆపుకున్నాను. ఆ తండ్రిగారు ఆత్రేయపురంలో పూతరేకులు అమ్ముకునే మర్యాదస్తుడట. పాపం ఆయనకు ఇవేమీ తెలియవు.

"బ్యాకప్ ఉండాలిగా?"

"పెన్ డ్రైవులో ఉండేదండి. మొన్న చర్చిలో క్వయర్ పాటలకి చోటు లేదంటే అది తుడిచేసి పాటలెక్కించేరండి."

"ఎవరు?"

"నేనేనండి. క్వయర్ లీడర్ని నేనేనండి."

మిగిలింది కంప్యూటర్లో మూల పడున్న నెలనాటి కాపీ, దానితో పాటు లాగ్. లాగ్ అంటే డేటాబేసు తనమీద జరిగిన ప్రతి మార్పునీ టైముతో సహా రాసి పెట్టుకునే చిట్టా. ఆ రెండూ కలిపితే తండ్రులందరినీ వెనక్కి తేవచ్చు. కానీ అది నేను ముట్టని పాత రకం డేటాబేసు. సరైన జాబితా సాయంత్రం అయిదింటికల్లా పరీక్షల బోర్డుకి వెళ్లకపోతే రేపటినుంచి రానక్కర్లేదని ప్రిన్సిపాల్ గారు ఆ అమ్మాయితో అనేశారు. ఆ డేటాబేసు తెలిసినవారు గ్రూపులో ఒక్కరే ఉన్నారు. ఆరుసార్లు చేసినా ఆయన ఫోనెత్తలేదు.

"నువ్వే వెళ్లి బొట్టు పెట్టి పిలవాలంటున్నారు ఆయన" అన్నాడు మా ఆయన. స్కూటీ తీసి ధవళేశ్వరం బయల్దేరాను.

వెళ్లేసరికి పన్నెండున్నర. పెద్దాయన వరండాలో ఉన్నారు. కోపం ఆనవాలు కూడా లేదు మొహంలో. "రామ్మా రా. భోజనం చేశావా?" అన్నారు.

"అర్జెంటు పనండి, బాబాయిగారూ."

"పని ఎక్కడికి పోతుంది? ముందు కాళ్లు కడుక్కో."

అన్నం తినకుండా ఆ ఇంట్లో మాట కదలదని అర్థమయ్యింది. పిన్నిగారు ఇద్దరికీ కంద బచ్చలి వడ్డించారు. మారు వడ్డించారు. ఒడిలో ఫోను కొట్టుకుంటూనే ఉంది, ఆ అమ్మాయే. వద్దంటున్నా బెండకాయ పులుసు వచ్చింది. ఇక ఆగలేక ముద్ద ముద్దకీ మధ్య సంగతంతా చెప్పేశాను. ఆయన తినడం ఆపారు.

"ఏ కమాండమ్మా అది?"

"నేను సోమవారం చిట్కాలో పెట్టినదేనండి."

ఆయన ఎడమ చేత్తో ఫోను తీసి నా ముందు పెట్టారు. సూర్యోదయం, రెండు గులాబీలు. మంగళవారం నేను తీసేసిన బొమ్మే. కింద చీమల బారు ఈసారి చదివాను: "అమ్మాయ్, నిన్నటి చిట్కాలో ఎవరి పేరు మార్చాలో చెప్పే రెండో లైను పడలేదు. అది లేకపోతే అందరి పేర్లూ మారిపోతాయి. చూసుకో."

"గ్రూపులో నేరుగా చెప్పొచ్చు కదండీ!" అన్నాను.

"పదిమందిలో నువ్వు తప్పు చేశావని ఎలా అంటానమ్మా? పైగా అడ్మిన్‌వి."

"పోనీ నాకు విడిగా రాయొచ్చుగా!"

"విడిగా రాస్తే మరీ నిలదీసినట్టు ఉంటుంది కదమ్మా. అందుకని బొమ్మ కింద పెట్టేను."

సిగ్గుతో చచ్చిపోయాను. ఆ పులుసు ఎలా మింగానో నాకే తెలియదు.

ఒంటిగంటకి వీడియో కాల్ పెట్టాం. ఆయన ఈ చివర, ఆ అమ్మాయి ఆ చివర. "నేను చెప్పేదాకా ఎంటర్ నొక్కకమ్మా" అని ఆయన ఎన్నిసార్లన్నారో లెక్కలేదు. పాత కాపీని విడిగా తెరిపించి, ఆ తర్వాత జరిగిన మార్పులన్నీ లాగ్ ప్రకారం దానిమీద మళ్లీ వరసగా చేయించారు. తప్పు జరిగిన నిమిషానికి కాస్త ముందు ఆపాలి.

"ఎన్నింటికి కొట్టేవమ్మా?"

"పాసింజరు వచ్చినప్పుడండి. ఆఫీసు పక్కనే పట్టాలండి."

"ఈ రోజు పాసింజరు టైముకే వచ్చిందా?"

"లేదండి, ఎప్పట్లాగే లేటండి."

పాసింజరు ఎంత ఆలస్యమో తేల్చుకుని, లాగ్‌లో ఆ టైము వెతికి పట్టుకున్నారు. నాలుగున్నరకి తండ్రులందరూ ఎవరిళ్లకి వాళ్లు చేరారు. ప్రిన్సిపాల్ గారికి ఆయన కొడుకు దక్కాడు. జాబితా వెళ్లిపోయింది. పిన్నిగారు కాఫీ తెచ్చారు. ఈ లోపు ఆ అమ్మాయి మళ్లీ ఫోన్ చేసింది.

"ప్రిన్సిపాల్ గారు సంజాయిషీ రాసివ్వమన్నారండి. నా అజాగ్రత్తేనని రాసిచ్చేస్తానండి. పని తెలియనివాళ్లు వద్దంటున్నారండి. ఉద్యోగం ఉంటుందో లేదో."

నా చిట్కా గురించి ఒక్క ముక్క అనలేదు. నిజం చెప్పాలంటే, ఒక్క నిమిషం నాకు హాయిగానే అనిపించింది. చిట్కా తప్పని తెలిసినవాళ్లం ముగ్గురం. ముగ్గురం మర్యాదస్తులం. పెద్దాయన కాఫీ తాగుతూ ఇంటి ముందు కాలవకేసి చూస్తున్నారు తప్ప నాకేసి చూడలేదు. ఆ చూడకపోవడం భరించడం నా వల్ల కాలేదు. గ్రూపు తెరిచి రాశాను: "నేను పెట్టిన చిట్కా తప్పు. రెండో లైను వదిలేశాను. ఈ రోజు నిడదవోలులో జరిగిన నష్టం దాని వల్లే."

"అబ్బే, మీ తప్పేముందండి" అని మొదలైంది.

"మీ అంతటివారు తప్పు చేస్తారాండీ."

"ఫోను చేసిన పొరపాటు అయ్యుంటుందండి."

ఎరువుల కొట్టు తమ్ముడు దండం పెట్టాడు. అరగంట సేపు నన్ను నిర్దోషిని చేస్తూనే ఉన్నారు. ఆ తర్వాత నిడదవోలు అమ్మాయి రాసింది.

"తప్పు మీదేనండి అక్కా. ఆ ముక్క ప్రిన్సిపాల్ గారికి కూడా రాసి పంపండి."

దండాలు కూడా ఆగిపోయాయి. ఆరేళ్లలో ఆ గ్రూపులో ఎవరైనా ఎవరితోనైనా సూటిగా అన్న మొదటి మాట అది. నాకు చురుక్కుమంది. కోపం కూడా వచ్చింది, ఎందుకు దాచాలి. అక్కడే వరండాలో కూర్చుని ప్రిన్సిపాల్ గారికి ఉత్తరం రాశాను. మా గ్రూపులో ఒక పొరపాటు జరిగిందని, ఇందులో ఆ అమ్మాయి ప్రమేయం లేదని చక్కని భాషలో రాసి పెద్దాయనకి చూపించాను. ఆయన కళ్లజోడు పెట్టుకుని మొత్తం చదివారు. ఇంకా బాగుంటుందేమో అని అనలేదు.

"ఎవరి వల్ల జరిగిందో రాయలేదేంటమ్మా?" అన్నారు.

నా వల్ల అని రాసి, కింద సంతకం పెట్టి పంపాను.