ఆరేళ్ళు ఆలస్యమైన సన్మాన పత్రం

కొండల్ రావు గారి గురించి రాయడానికి నాకంటే అర్హత లేనివాడు న్యూజెర్సీ మొత్తంలో ఉండడు. అయినా రాస్తున్నాను. ఇదివరకు సభలో ఆయన గురించి చదివిన కాగితమూ నేను రాసిందే. అందులో అబద్ధం ఒక్కటీ లేదు గానీ, నిజం సగమే ఉంది.

ఆయన మా తాలూకాలో లెక్కల సారు. పన్నెండేళ్ళు బడిలో పాఠం చెప్పి, సమితి ప్రెసిడెంటయి, ఆ తర్వాత ఎమ్మెల్యే అయ్యారు. 1971లో నేను పాస్‌పోర్టు దరఖాస్తు పట్టుకుని ఆయన ఇంటికి వెళ్ళాను. 'ఈ అబ్బాయి నాకు స్వయంగా తెలుసు' అని ఎమ్మెల్యేనో పెద్ద ఆఫీసరో సంతకం పెట్టాలి. ఆఫీసర్లు నన్ను గుమ్మం దగ్గరి నుంచే పంపేశారు. ఈయన మాత్రం కూర్చోబెట్టి చాయ్ ఇప్పించారు.

"ఎన్నేండ్ల సంది తెలుసని రాయమంటవ్?" అని అడిగారు.

మేం ఒకరినొకరం చూసి పది నిమిషాలు కూడా కాలేదు.

"అయిదేండ్లని రాస్త తియ్. నన్ను బద్నాం జెయ్యకు" అని నవ్వి సంతకం పెట్టారు.

ఆ సంతకంతో నేను న్యూజెర్సీలో ఈ పార్సిప్పనీ ఊరి దాకా వచ్చాను. ఆయన 1978లో రాష్ట్ర ఆర్థిక మంత్రి అయ్యారు, మూడు బడ్జెట్లు ప్రవేశపెట్టారు. చింతపండు మీద పన్ను ఎత్తేసినందుకు పత్రికలవాళ్ళు చింతపండు మంత్రి అని వెక్కిరిస్తే, దాన్ని బిరుదులాగా చెప్పుకుని తిరిగేవారు.

1981 అక్టోబరులో అమెరికా పర్యటనకు వచ్చి, వారం రోజులు మా అపార్ట్‌మెంట్‌లోనే ఉన్నారు. ఆ రోజుల్లో మంత్రి వస్తే హోటల్లో దించడం మనవాళ్ళకు నామోషీ. తెలుగు సంఘానికి నేను సెక్రటరీని, డాక్టర్ రాధాకృష్ణ గారు ప్రెసిడెంటు. శనివారం ఒక చర్చి హాల్లో సన్మానం అనుకున్నాం. సన్మాన పత్రం నేనే రాశాను. నాలుగు పేజీలు, మంచి గ్రాంథికంలో దంచాను.

వారమంతా మా ఇల్లు పెళ్ళిల్లే. వచ్చినవాళ్ళందరి చేతుల్లో వంట గిన్నెలు, జేబుల్లో అర్జీలు. ఒకరిది పొలం పట్టా, ఒకరిది బావమరిది పోస్టింగు. నాదీ ఒకటుంది. మా తమ్ముడు ట్రెజరీలో గుమాస్తా, ఎక్కడో అడవి అంచున పనిచేస్తున్నాడు. మా అమ్మకు చూపు ఆనదు, వాణ్ణి ఇంటి దగ్గరికి బదిలీ చేయించాలి. ఆయన దిగిన రోజు మంచినీళ్ళిచ్చానో లేదో గుర్తులేదు గానీ, అర్జీ ఇచ్చింది మాత్రం బాగా గుర్తుంది.

ఒకరోజు మా ఆవిడ శశికళతో గ్రాసరీ స్టోర్‌కి వచ్చి, బిల్లు అటూ ఇటూ తిప్పి చూశారు. "తిండి మీద పన్ను వెయ్యలేదా వీళ్ళు? బట్టల మీద గూడ లేదా?" అని అడిగి, లేదంటే మురిసిపోయారు. ఆ బిల్లు మడిచి జేబులో పెట్టుకున్నారు, వచ్చే బడ్జెట్‌కి పనికొస్తుందని.

శుక్రవారం మధ్యాహ్నం హైదరాబాదు నుంచి పత్రికలో పనిచేసే నా స్నేహితుడు భాస్కర్ మా ఆఫీసుకి ఫోన్ చేశాడు. "మీ మినిస్టర్‌ని క్యాబినెట్ నుంచి తీసేసిన్రు. ఆయనకు తెల్సో లేదో," అన్నాడు. నేను వెంటనే రాధాకృష్ణ గారికి ఫోన్ చేశాను.

"అయ్యయ్యో, మాజీకి సన్మానం చేస్తే కొత్తాయనకి మన మీద కోపం రాదుటండీ? డిసెంబర్లో కల్చరల్ ట్రూప్ రావాలి, ఫైల్ ఆర్థిక శాఖలోనే క్లియర్ అవ్వాలి. క్యాన్సిల్ చేసేయండి. హాలు వెచ్చబెట్టే బాయిలర్ పాడైందని చెప్పండి," అన్నారాయన.

తప్పు ఆయన మీదికి నెట్టేయను. ఆయన అనకముందే నా మనసులోనూ అదే ఉంది. నలభై కుటుంబాలకి ఫోన్లు చేశాను. మళ్ళీ ఎప్పుడు పెడతారని ఒక్కరూ అడగలేదు.

ఇంటికి వెళ్ళేసరికి ఇస్త్రీ చేసిన జరీ పంచె కుర్చీ మీద ఉంది. ఆయన ముందు గదిలో కూర్చుని ఉన్నారు. నేను బూట్లు విప్పుకుంటూ, మొహం చూడకుండా, "హాల్లో బాయిలర్ పాడైంది సార్, రేపు ప్రోగ్రాం లేదు," అన్నాను.

లెక్క తప్పు చేసిన పిల్లవాణ్ణి చూసినట్టు కాసేపు చూశారు. "చలిదినాలు గద, బాయిలర్లకు గూడ పానం బాగుండదు" అన్నారు. లేచి పంచె తానే మడతపెట్టి పెట్టెలో పెట్టుకున్నారు. శనివారం మా ఇంటికి ఎవరూ రాలేదు.

ఆదివారం ఎయిర్‌పోర్టులో నా చేతిలో ఒక కవరు పెట్టారు. "ఇందుల అందరి కాగితాలున్నయ్. ఇగ నాతోని గావు. ఎవరియి వాళ్ళకిచ్చెయ్, కొత్తాయనకు పంపుకుంటరు" అన్నారు. తల కొట్టేసినట్టయింది. ఆయన నా భుజం తట్టి లోపలికి వెళ్ళిపోయారు.

ఇంటికొచ్చి శశికళను అడిగితే అప్పుడు చెప్పింది: "శుక్రవారం పొద్దుగాలనే ఆయనకు ఫోనొచ్చింది. పెట్టేసినంక 'బరువు దిగిందమ్మా' అన్నడు. ఏందో నాకు సమజ్ గాలే. నువ్వెప్పుడొస్తవని నాలుగుసార్లు అడిగిండు." అంటే నేను వచ్చి చెబుతానని రోజంతా ఎదురు చూశారు. నేను వచ్చి బాయిలర్ గురించి చెప్పాను.

కవరు విప్పితే అందరి అర్జీలూ ఉన్నాయి, నాదొక్కటే లేదు. నా మీద కోపంతో చింపి పారేశారనుకున్నాను. నాకు ఎదురు కోపం కూడా వచ్చింది, చూడండి నా బుద్ధి. పదిరోజుల తర్వాత తమ్ముడి ఉత్తరం వచ్చింది. బదిలీ అయిందట. మంత్రిగారు అమెరికా నుంచి ఫోన్ చేసి చెప్పారని ఆఫీసులో అనుకుంటున్నారట. ఆర్డరు మీద ఉన్నది ఆ గురువారం తేదీ. ఆయన మంత్రిగా ఉన్న చివరి రోజు.

ఆ ఉత్తరం శశికళకు చూపించడానికి నాకు రెండు రోజులు పట్టింది. ఆయనకు రాద్దామని రెండుసార్లు కూర్చున్నాను. ఏ మొహంతో రాయను? తర్వాతి ఎన్నికల్లో పార్టీ ఆయనకు టికెట్టివ్వలేదు. ఇంటి అరుగు మీద మళ్ళీ పిల్లలకు లెక్కలు చెప్పుకుంటున్నారని తమ్ముడు రాసేవాడు. అమ్మను చూడటానికి వెళ్ళినప్పుడు కూడా నేను ఆ వీధికి పోలేదు.

1987లో ఆయన పోయారని తెలిసింది. రాధాకృష్ణ గారు ఫోన్ చేసి, సంతాప సభ పెడదామన్నారు. "మీరు అప్పుడు రాసిన సన్మాన పత్రం ఉందిగా, అదే చదివేయండి. 'శ్రీ' కొట్టేసి 'కీర్తిశేషులు' అని పెడితే సరిపోతుంది. మళ్ళీ శ్రమెందుకు!" అన్నారు.

కాదనడం అప్పుడైనా చేతనవ్వాల్సింది. నేను పెన్ను తీసి 'శ్రీ' కొట్టేశాను.

సభ అదే చర్చి హాల్లో. హాలు వెచ్చగా ఉంది. సమితి, అసెంబ్లీ, మూడు బడ్జెట్లు, చింతపండు, అన్నీ చదివాను. చివరి వాక్యం, 'వీరు నాకు స్వయంగా తెలుసునని చెప్పుకొనుట నా అదృష్టము' అన్న దగ్గర కాగితం దించేశాను. జనం అది దుఃఖమనుకుని జాలిగా చూశారు. అది సిగ్గు. ఎలాగో పూర్తి చేశాను. సంతాప సభ అని మరిచిపోయి ఎవరో చప్పట్లు కొడితే, అందరూ కొట్టారు. శశికళ ఒక్కతే చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

కారు రూట్ 46 రోడ్డు మీదికి తిరిగాక శశికళ అడిగింది: "అన్ని సదివినవ్. గా బాయిలర్ ముచ్చట రాయలేదేంది అందుల?"

ఆవిడ మొహం చూడకుండా కారు నడిపాను. ఇల్లు చేరేదాకా ఆవిడ మళ్ళీ అడగలేదు.