బొట్టు పెట్టిన పళ్ల చక్రం

మా మామ కారు గురించి ఎవరైనా గొప్పగా చెబితే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. చిత్తూరులో మా అత్తవారింటి పక్కన రేకుల కొట్టంలో ఉండేది ఆ వైభవం. ఎవరో దొర ఊరు వదిలి పోతూ అమ్మితే కొన్నారట. నేను కాపురానికి వచ్చింది మొదలు అది నడిచిన రోజుల కంటే పడుకున్న రోజులే ఎక్కువ. అయినా దాన్ని చూసుకుని ఆ ఇంటి మగవాళ్లు మీసాలు మెలేసేవాళ్లు.

యుద్ధం నడుస్తున్న కాలం. తిరుచానూరు నుంచి కబురు వచ్చింది, మా అవ్వకు బాగాలేదని, నన్నే కలవరిస్తోందని. చిన్నప్పుడే తల్లి పోయిన నన్ను చంకనేసుకుని పెంచిన మనిషి ఆమె. తిరుపతి బస్సు రోజూ మధ్యాహ్నం మా వీధి చివరే ఆగేది. పెట్రోలు దొరక్క వీపున బొగ్గు పొయ్యి తగిలించుకున్న బస్సు, పూతలపట్టు చేరేసరికి మొగమంతా మసి చేసేది. చేస్తే చేసింది, కడుక్కుంటే పోతుంది. మరుసటి రోజే పోతానన్నాను.

"మన ఇంటి కోడలు ఆ బొగ్గు బస్సులో ఇరుక్కోని పోతే నలుగురూ ఏమనుకుంటారు? కారు బాగు కానీ మ్మా. మారాణి మాదిరి పంపిస్తా" అన్నాడు మామ.

మా ఆయన తలూపాడు. తండ్రి మాటకు తలూపడంలో ఆయనను మించినవాడు జిల్లాలో లేడు.

కారుకు వచ్చిన రోగం ఏమంటే, ఇంజన్లో కవాటాలను తెరిచి మూసే కడ్డీ, క్యామ్‌షాఫ్టు అంటారు, అరిగిపోయింది. దాన్నీ, దాన్ని తిప్పే పళ్ల చక్రాల జతనూ మదరాసు నుంచి తెప్పించాలి. యుద్ధంలో ఏ సామాను సులభంగా దొరికింది గనక! ఎదురుచూస్తుండగానే రెండో కబురు వచ్చింది. అవ్వకు చూపు కూడా పోయిందని. నేను పెట్టె సర్దుకుని వాకిట్లో పెట్టుకున్నాను. రోజూ బస్సు వచ్చేది, పోయేది. ఆ శబ్దం వినబడితే చేతిలో పని వదిలి వాకిట్లోకి పోయి నిలబడేదాన్ని.

చివరికి సామాను వచ్చింది. కొత్త ఇనుము ఏదైనా సరే, పసుపూ కుంకుమా పడకుండా ఆ ఇంట్లో గడప దాటదు. కత్తిపీట కొన్నా అంతే. అత్త నన్ను పిలిచి బొట్లు పెట్టమంది. కడ్డీకి ఒకటి పెట్టాను. చక్రాలు నూనె జిడ్డుగా ఉన్నాయి, కుంకుమ ముద్దగా అతుక్కుంది. ఒక్కో చక్రానికి చేతికి అందిన పంటి మీద ఒక్కో బొట్టు పెట్టి, హారతి ఇచ్చి, లోపలికి పోయాను.

బిగించే పని మా మరిది నెత్తికెత్తుకున్నాడు. మదరాసులో ఒక మోటారు సామాన్ల దుకాణంలో కొన్నాళ్లు బిల్లులు రాసి వచ్చాడాయన. ఆ మాత్రానికే ఇంజన్ పుట్టుక తనకే తెలిసినట్టు మాట్లాడేవాడు. బజారులో మెకానిక్కు ఉన్నాడు కదా అంటే, "వాళ్లంతా దొంగ నాయాళ్లు వొదినా, మంచి సామాను పీకి పాతది పెట్టేస్తారు" అన్నాడు. పూజ జరిగేటప్పుడు మాత్రం మహానుభావుడు గురక పెట్టి నిద్రపోతున్నాడు.

ఆ మరుసటి పొద్దున నేను మజ్జిగ తీసుకుని కొట్టంలోకి పోయేసరికి మామకూ మా ఆయనకూ పాఠం చెబుతున్నాడు. "సూడండి, రెండు చక్రాల మీదా కంపెనీవాడు గుర్తులు పెట్టుంటాడు. ఒకదానికొకటి ఎదురుబొదురు కలిపితే టైమింగు, అంటే కవాటాలు తెరుచుకునే వేళ, కుదిరినట్టే. ఇదో, ఎర్రగా ఎంత బాగా పెట్టినాడో!"

కంపెనీవాడు కాదు, నేను! "అబ్బయా, అవి నిన్న నేను పెట్టిన కుంకుమ బొట్లు. గుర్తులు ఇంకేవో ఉంటాయి, తుడిచి చూడు" అన్నాను.

మరిది నవ్వాడు. "వొదినా, ఇది వంటిల్లు కాదు."

"గమ్మునుండు, వానికి తెలీదా?" అన్నాడు మా ఆయన. మామ అయితే నా వైపు చూడనైనా లేదు, మజ్జిగ మాత్రం తాగాడు. తుడిచి చూడడానికి ఒక పాత గుడ్డ చాలు. కానీ ఆడదాని మాట విని గుడ్డ పట్టుకుంటే వాళ్ల మర్యాద ఏ గంగలో కలిసేదో!

బొట్టుకు బొట్టు కలిపారు. మూత బిగించారు. మొదట మా ఆయన కారు ముందు దూర్చిన ఇనుప హ్యాండిల్ తిప్పితే ఇంజన్ దగ్గింది, తుమ్మింది, పొగ కక్కింది. "నీకు చేతగాదు, జరుగు" అని మరిది తనే పట్టుకుని బలమంతా పెట్టి తిప్పాడు. పుట్టకూడని వేళ లోపల నిప్పు పుట్టింది. హ్యాండిల్ ఎదురు తిరిగి తన్నింది. "నాయనా!" అని వీధంతా వినబడేలా అరిచి మణికట్టు పట్టుకుని కూలబడ్డాడు. పాపం అనాలి. నాకు నోరు రాలేదు.

"ఎముక విరిగినట్టుండాది, పుత్తూరు కట్టు కట్టించాల, బిన్నా పదండి!" అని మామ కేకలు వేశాడు. పుత్తూరుకు ఎలా పోతారు? ఇంకెలా, బొగ్గు బస్సులోనే. అప్పుడు నలుగురూ ఏమనుకుంటారో ఎవరికీ గుర్తు రాలేదు. మామ పంచె ఎగ్గట్టుకుని పరిగెత్తి బస్సుకు అడ్డం నిలబడ్డాడు. కొడుకులిద్దరినీ జనం మధ్యకు తోసి తానూ ఎక్కాడు.

నేను పెట్టె తీసుకుని వెనకే ఎక్కాను.

"నువ్వు యాడికి?" అన్నాడు మామ.

"తిరుపతిలో మారితే పుత్తూరు బస్సు తిరుచానూరు మీదే పోతుంది కదా మామా" అన్నాను. బస్సులో అందరూ చూస్తున్నారు. పక్కకు జరిగి దారి ఇచ్చాడు. దారి పొడుగునా మరిది మూలుగుతూనే ఉన్నాడు.

అవ్వ ఇల్లు బస్సు ఆగే చోటికి ఎదురుగానే. నులకమంచం మీద చిక్కి సగమై పడుకుని ఉంది. నా చెంపలు తడిమి, వేళ్లు ముక్కు దగ్గర పెట్టుకుంది.

"మసి వాసన. బొగ్గు బస్సులో వచ్చినావా?"

"అవునవ్వా."

"అది దినామూ వస్తానే ఉండాది గదే. నిలబడిన శబ్దం ఇనపడితే సాలు, తలుపు పక్కకు తిరుక్కుంటా ఉంటి."

నాకు ఏడుపు ఆగలేదు. ఏం చెప్పను? మా ఇంటి మర్యాద కారులో ఉందని చెప్పనా? ఆ వారమే అవ్వ పోయింది.

కర్మలు అయిన రోజు కారు వచ్చింది. బజారు మెకానిక్కు మూత విప్పి, చక్రాలు తుడిచి, అసలు గుర్తులు కలిపాడట. తళతళా తుడిచి, ముందు భాగంలో పూలదండ కూడా వేసి తెచ్చారు. మా ఆయన నడుపుతున్నాడు. చేతికి పుత్తూరు కట్టుతో మరిది ముందు సీట్లో దర్జాగా కూర్చున్నాడు. మామ దిగి వచ్చి నాకోసం తలుపు తెరిచి పట్టుకున్నాడు.

"ఎక్కు మ్మా. ఇప్పుడు బెమ్మాండంగా నడస్తా ఉండాది."

పెట్టె చేతిలోకి తీసుకుని రోడ్డు దాటి బస్సు ఆగే చోట నిలబడ్డాను.

"మీరు పోండి మామా" అన్నాను. "నాకు బస్సుంది."