కుందేలుకు కప్పిన శాలువ

ఇరవై దాటీ దాటని వయసులో మనిషికుండే ధైర్యంలో సగం తెలివితక్కువతనమేనని ఇప్పుడు అనిపిస్తుంది గానీ, ఆ రోజుల్లో నాకది మొత్తం తెలివిగానే కనబడేది. ఎనభైల మొదట్లో పుదుచ్చేరిలో ఒక పరిశోధనశాలలో సహాయకురాలిగా చేరాను. కుందేలు ఒక చెవికి రేడియేషన్ ఇచ్చి, కొన్ని వారాల తర్వాత అందులో నెత్తురు పారడం ఎంత తగ్గిందో రెండో చెవితో పోల్చి చూడడం మా పని. రేడియోధార్మిక మందు కొంచెం ఎక్కించి గామా కెమెరా కింద పెడితే, నెత్తురు పారే చోటల్లా తెరమీద చుక్కలు మెరవాలి. మాకేమో రెండు చెవులూ చీకటే. "ఈ నెల్లో తేడా చూపించకపోతే పని మూసేస్తారమ్మా" అన్నారు నెల్లూరు వైపు నుంచి వచ్చిన మా పెద్దసారు. మూసేస్తే నేను నాన్న బట్టల కొట్లో జాకెట్టు ముక్కలు చించుతూ కూర్చోవాలి. ఆ మాట తలుచుకుంటేనే అన్నం సయించేది కాదు.

ఆ భవనం మొత్తానికి ఏసీ ఉన్నది కెమెరా గదిలోనే. అందువల్ల ఎండ ముదిరేసరికి అందరికీ అక్కడే పని పడేది. గుమాస్తాలూ, నర్సులూ (చివరికి ఏ సంబంధమూ లేని సారుగారి బావమరిదీ) "యంత్రానికి చల్లగా ఉండాల గదా" అంటూ ఏసీని చివరిదాకా తిప్పి హాయిగా కూర్చునేవాళ్లు. నేనూ స్వెట్టరు వేసుకుని అదే శాస్త్రమనుకున్నాను.

ఒక ఆదివారం మా అవ్వ, అక్క బిడ్డను అంత ఎండలోనూ ఉన్ని శాలువలో చుట్టేసింది. బిడ్డ చెవులు పండు మిరపకాయల్లా ఎర్రబడ్డాయి. చూస్తూ చూస్తూ లేచి నిలబడ్డాను. ఒళ్లు వెచ్చబడితే నెత్తురు చెవులకు పరుగెడుతుంది, చలేస్తే వెనక్కి పోతుంది. మా కుందేలుకు చలేస్తోంది, అంతే.

"అవ్వా, ఆ శాలువ ఒకరోజు ఇయ్యి."

"ఎవురికే?"

"కుందేలుకు."

"ముయలుకా? చదివీ చదివీ దీనికి బుర్ర చెడింది. యాడన్నా చూపించండ్రా" అంది అవ్వ, కుందేలుకు అరవం మాటే వాడుతూ. అయినా ఇచ్చింది.

మర్నాడు కుందేలును మెడదాకా చుట్టి, చెవులు మాత్రం బయట ఉంచి కెమెరా కింద పడుకోబెట్టాను. "ఏందమ్మా ఇది, పరిశోధనా, పురుడా?" అన్నారు పెద్దసారు. నేను ఏసీ తగ్గించాను. బావమరిది బాధగా లేచి వెళ్లిపోయాడు. మందు ఎక్కించాక ఒక చెవి తెరమీద లాంతరులా వెలిగింది. రేడియేషన్ తగిలిన చెవి మసగ్గా ఉండిపోయింది. సారు కళ్లద్దాలు తుడుచుకుని, "ఇంకోదానికి చెయ్యి" అన్నారు. చేశాను. అదే తేడా. సారు గొంతు సవరించుకుని, "మీ ఇంట్లో ఇంకా ఎన్ని శాలువలు ఉండాయి?" అని అడిగారు.

పని మూతపడకుండా నిలిచింది. ఆ సాయంత్రం సముద్రం ఒడ్డున ఎదురుగాలిలో సైకిలు తొక్కుతూ, రాజ్యం గెలిచినదానిలా గొంతెత్తి పాడుకుంటూ ఇంటికి వెళ్లాను. ఇప్పుడు ఏ ఫలితం వచ్చినా ముందు అనుమానిస్తాను, తీరిగ్గా సంతోషిస్తాను. నాలోని ఆనాటి పిల్ల ముందు సంతోషించేసింది. తలుచుకుంటే నవ్వొస్తుంది, దానిమీద కాస్త అసూయ కూడా.