బొగ్గుబాయి అంగీలతో ఒక కోటు: జనగామ నుంచి భూపాలపల్లి దాకా

నిజం చెప్పాలంటే ఈ ప్రయాణం నా తొందరపాటు వల్లే మొదలైంది. జనగామలో నాదొక చిన్న కుట్టు దుకాణం. పాత బట్టలతో కొత్త ఫ్యాషన్లు కుడతానని నలుగురికీ గొప్పగా చెప్పుకుంటాను. భూపాలపల్లి నుంచి సరోజక్క తన భర్త రాజయ్య బావ బొగ్గుబాయిలో తొడిగిన నీలం అంగీలు నాలుగు పంపింది. ఆయన ఆరోగ్యం దెబ్బతిని పని మానేస్తే, బదులుగా కూతురు శ్రావణికి గని పైన ఉండే ఆఫీసులో ఉద్యోగం వచ్చింది. సోమవారం పొద్దున చేరేటప్పుడు వేసుకోవడానికి చేతుల్లేని కోటు కావాలి. అంగీలు కత్తిరించడం బావకు ససేమిరా ఇష్టం లేదట, అయినా అక్క పంపేసింది. "జర పైలం చెల్లె, ఖరాబైతె గవి మళ్ల దొరకయి" అంది అక్క ఫోన్లో. కుట్టాను. లోపల కొత్త కాటన్ గుడ్డ వేశాను. శనివారం ఉతికి ఆరేస్తే, కోటంతా ముడతలు పడి కాల్చిన అప్పడంలా తయారైంది.

తొర్రూరులో బొంతలు కుట్టే యాకమ్మవ్వ గుర్తొచ్చింది. ఆదివారం పొద్దున ఆరున్నరకు బస్సెక్కాను. ఆధార్ కార్డు చూపిస్తే ఆడవాళ్లకు టికెట్టు ఉచితం. పాలకుర్తి మీదుగా గంటన్నర పట్టింది. బస్టాండు నుంచి ఆటోకు ఇరవై రూపాయలు. అవ్వ కోటును తిరగేసి చూసి నవ్వింది.

"పాతదానికి కొత్త గుడ్డ జోడిచ్చినవా బిడ్డా? ఉతికితె కొత్తది గుంజుకుంటది, పాతది గుంజుకోదు. గింత సదువుకున్నవ్, గది తెల్వదా?"

నా మొహం చూడాలి అప్పుడు! అవ్వ తన పాత నేతచీర చింపి ఇచ్చింది. ఇద్దరం అరుగు మీద కూర్చుని కుట్లన్నీ విప్పి, ఆ చీర ముక్కను లోపల పెట్టి, బొంతకు వేసినట్టు దగ్గరదగ్గరగా చేతికుట్టు వేశాం. మధ్యాహ్నానికి కోటు దారికొచ్చింది. పచ్చిపులుసుతో అన్నం పెట్టి మరీ పంపింది.

హనుమకొండలో బస్సు మారి భూపాలపల్లి చేరేసరికి ఐదు దాటింది. క్వార్టర్‌లో బావ మంచం మీద కూర్చుని కోటును అటూ ఇటూ తిప్పాడు. నడుము దగ్గర రంగు వెలిసిన చోట ఆయన వేలు ఆగింది.

"గిది బాయిల నడుముకు కట్టుకునె టోపీ లైటు బ్యాటరీ ఒరుసుకున్న జాగ," అన్నాడు. "ఇటు రా బిడ్డా."

శ్రావణికి తనే తొడిగి, గుండీలు పెట్టాడు. "నాతోని బాయిలకు దిగుడే ఎరుక గీ అంగీలకు. రేపు నీతోని ఆఫీసుల కూసుంటయి."

సరోజక్క కొంగుతో కళ్లు తుడుచుకుంది. నేనైతే దాచుకోకుండా ఏడ్చేశాను.

ఆ ఇంట్లో తాగిన టీ అంత తృప్తిగా ఈ మధ్య ఏదీ తాగలేదు. కొత్త ఫ్యాషనని నేను ఊరంతా చాటుకునే పనిని అవ్వ ఏళ్లుగా చప్పుడు లేకుండా చేస్తోంది. ఇంకో సంగతి కూడా ఒప్పుకోవాలి. ఆ వెలిసిన చోటును తీసేద్దామనే అనుకున్నాను, చిరుగులు పోను మిగిలిన గుడ్డ చాలక ఉంచాను. మీరూ ఎవరి పాత బట్టలైనా తెచ్చుకుని కుట్టాలనుకుంటే, కత్తెర పెట్టేముందు వాటిని తొడిగిన మనిషిని ఒక్కమాట అడగండి. నేను అడగలేదు, బతికిపోయాను.