పావు నిమిషం లెక్క

2006 జూన్‌లో నన్ను పాన్‌గల్ వైపు ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి ఫార్మసిస్టుగా వేశారు. అప్పటికి వనపర్తి, గద్వాల, నాగర్‌కర్నూలు అన్నీ పాలమూరు జిల్లాలోనివే. జలుబు, దగ్గుతో వచ్చిన ఏ పసిబిడ్డా యాంటీబయాటిక్ సీసా లేకుండా నా కిటికీ దాటి వెళ్లేది కాదు.

ఆ అలవాటు మాన్పించినవారు మా వైద్యాధికారి. ఆవిడ పద్ధతి ఇది. బిడ్డ పొట్టమీది బట్ట తీసి, గడియారం చూస్తూ పూర్తి నిమిషం శ్వాసలు లెక్కించాలి. రెండు నెలలు దాటి ఏడాది నిండని బిడ్డకు యాభై గానీ అంతకు మించి గానీ వస్తే న్యుమోనియాగా చూడాలి. యాభైకి తక్కువై, డొక్కలు లోపలికి పోకుండా, పాలు తాగుతుంటే ఆ సీసా అక్కర్లేదు. స్టాఫ్ నర్సు సునంద లెక్కించి చీటీమీద రాసేది, నేను రిజిస్టరులో ఎక్కించేవాణ్ణి. ఒక్క చలికాలంలోనే, పదిమందిలో తొమ్మిదిమందికి వెళ్లే సీసా ఇద్దరు ముగ్గురికి తగ్గింది.

మరుసటి ఏడాది ఆవిడ గద్వాలకు బదిలీ అయ్యారు. సీసాల వాడకం మళ్లీ పెరుగుతుందని భయపడి నెలనెలా పట్టిక గీశాను. పెరగలేదు. సమీక్షా సమావేశంలో మెచ్చుకున్నారు కూడా.

డిసెంబరులో ఒక మధ్యాహ్నం రిజిస్టరు చూస్తూ ఆగిపోయాను. 36, 44, 40, 48, 48... నాలుగు పేజీలు వెనక్కి తిప్పాను. ఒక్క బేసి సంఖ్య లేదు. ప్రతిదీ నాలుగుతో భాగమవుతోంది. లెక్కలు నేను సొంతంగా నేర్చుకున్నవే గానీ, బిడ్డలు నాలుగేసి చొప్పున ఊపిరి తీయరని తెలుసు.

సునందను అడిగాను.

“పొద్దటి పూటనే నూరుమంది ఓపీ, సార్. పావు నిమిషం చూస్త, నాలుగుతోని గుణిస్త. లెక్కలు మీకొక్కరికే వస్తయా ఏంది?”

పసివాళ్ల ఊపిరి ఒకేలా సాగదు. కాస్త ఆగి, మళ్లీ వేగం అందుకుంటుంది. పావు నిమిషంలో ఒక్కటి తప్పితే నిమిషానికి నాలుగు తప్పినట్టే. 48 అని రాసినవాళ్లలో నిజానికి యాభై దాటినవారెందరో! ఆ వారం 48 ఐదుగురికి ఉంది. అది చూపించగానే సునంద కుర్చీలోంచి లేచింది.

“నడువున్రి సార్, ఇప్పుడే పోదాం.”

నా స్కూటరుపై బయలుదేరాం. నలుగురు బాగున్నారు. ఐదో ఇల్లు ఖాసింబీది. నాలుగు నెలల మనవడు ఆమె ఒళ్లో ఉన్నాడు.

“నిన్నటి సంది పాలు పడ్తలేడు. మందియ్యున్రి అంటె తల్లిపాలే మందని పంపితిరి. మీ దవాఖానల సీసాలు ఒడిసినయా, మాకియ్య బుద్ధి కాలేదా?”

నేను గడియారం పట్టుకున్నాను, సునంద పూర్తి నిమిషం లెక్కించింది. యాభై తొమ్మిది. డొక్కలు లోపలికి పోతున్నాయి. జీపు మాట్లాడి వనపర్తి ఆసుపత్రికి పంపాం. రోజూ రెండుసార్లు ఫోన్ చేశాను. ఎనిమిదో రోజున బిడ్డ ఇంటికి చేరాడు.

జనవరి మొదటి చీటీపై 43 ఉంది. మందు లేకుండా పంపిన ప్రతి బిడ్డనూ రెండు రోజులకు మళ్లీ చూడాలని రిజిస్టరులో ఒక గడి పెంచాను. ఆ నెల వాడకం కొంచెం పెరిగింది. సమావేశంలో కారణమడిగితే, అంతకుముందు తగ్గినదాంట్లో కొంత మా తప్పు లెక్క అని చెప్పాను.

నెలనెలా తగ్గిన మొత్తం నచ్చింది గనుక లోపలి అంకెలు చూడలేదు. అది సునంద తప్పు కాదు, నాది. అప్పటినుంచి పదవీ విరమణ దాకా, ఏ నెల పట్టికలోనైనా ముందు బేసి సంఖ్యలు వెతికి, ఆ తరువాతే మొత్తం వేశాను.