పసుపు పులులు

మొన్న ఆదివారం అన్నతో కలిసి పటాన్‌చెరులోని మా అబ్బాయి ఇంటికి వెళ్లేసరికి, మనవరాలు తీగ మీద ఆరేసిన టీషర్టును చూసి ఏడుస్తోంది. వాళ్ల బడిలో పిల్లలను నాలుగు రంగుల జట్లుగా విడదీశారట. దీనిది ఎల్లో టైగర్స్, ఛాతీ మీద పులి బొమ్మ కూడా ఉంది. ఒక్క ఉతుకుకే ఆ పసుపు వెలిసిపోయింది. అన్న ఆ చొక్కాను తీగ మీంచి తీసి, అంచును వేళ్లతో రుద్ది రుద్ది చూశాడు. ఎందుకో ఆ ఇంట్లో నాకొక్కడికే తెలుసు.

మా చిన్నప్పుడు ఊరి బడి కబడ్డీ జట్టుకు అన్నే కెప్టెన్. మావీ, ఎదుటివాళ్లవీ అన్నీ తెల్ల బనీన్లే కావడంతో బరిలో ఎవరు ఎవరో తెలియక గొడవలయ్యేవి. అప్పటికే ఎగువన రంగుల ఫ్యాక్టరీ ఒకటి వచ్చి, మా పొలం పక్కనుంచి పారే వాగు పసుపు రంగుకు తిరిగింది. ఊరికే వచ్చే రంగు కళ్లెదుట పారుతుంటే ఇంకేం కావాలని బనీన్లను అందులో నానబెట్టి బండల మీద ఆరేశాం. పండగ బట్టల్లా మెరిశాయి. డ్రిల్లు సారు మురిసిపోయి, బడి గోడ మీద బొగ్గుతో పులిని గీసి, మాకు పసుపు పులులని పేరు పెట్టారు.

బొంతపల్లి పిల్లలు ఆటకు వచ్చి మమ్మల్ని చూసి పడీపడీ నవ్వారు.

"ఏందిరో, పెండ్లిపిల్లల లెక్క పసుపు పూసుకొని వచ్చిన్రు?"

"అవ్, మీతోని లగ్గానికే వచ్చినం. జల్దీ రాండ్రి, ముహూర్తం దాటుతది!" అని అన్న తొడ కొట్టాడు.

ఆ రోజు గెలిచాం, ఊరంతా అన్నను భుజాల మీద తిప్పింది. అమ్మ మాత్రం ఆ బనీన్లను బాదీబాదీ అలసిపోయి, "సబ్బు అరుగుతుంది గని రంగు పోతలేదు. గియ్యే నీళ్లు బర్లు తాగుతున్నయి, గియ్యే మడికి పారుతున్నయి, జెర సోంచాయించుండ్రి" అని నాన్నతో మొత్తుకునేది.

ఆ ఏడు వరి ఈనింది కానీ గింజ పట్టలేదు, అంతా తాలే. మరుసటి ఏడు నారే లేవలేదు, బావిలో కూడా అదే రంగు ఊరింది. పొలం చచ్చిపోయాక ఇల్లు గడవడానికి అన్న బడి మాని, ఆ చుట్టుపక్కల మరో పని లేక, ఆ రంగుల ఫ్యాక్టరీలోనే షిఫ్టు పనికి చేరాడు. ఇంటికొచ్చి అన్నం కలుపుకుంటే ముద్ద పసుపయ్యేది. తన పెండ్లిలో నలుగు పెట్టినప్పుడు, పెట్టిన పసుపు ఏదో ఒంటి పసుపు ఏదో తెలియడం లేదని చుట్టాలు నవ్వితే, ఒకప్పుడు బరిలో అంత మాట అన్నవాడు తలవంచుకుని కూర్చున్నాడు.

తర్వాత విలేకరినై ఆ వాగు గురించి ఎన్నిసార్లు రాశానో గుర్తు లేదు. రాసినప్పుడల్లా అధికారులు వచ్చి సీసాల్లో నీళ్లు పట్టుకుపోయేవారు, వాగు తన దారిన పారేది.

అన్న ఆ చొక్కాను మళ్లీ తీగ మీద వేసి, మనవరాలి తల నిమిరి, "పోనియ్ బిడ్డా, పోయే రంగే మంచిది" అన్నాడు. దానికి అర్థం కాక ఇంకాస్త ఏడ్చింది.

ఇప్పటి పిల్లలకు జట్టు రంగు దుకాణం నుంచి వస్తుంది, తాగే నీళ్లు డబ్బాలో వస్తాయి. మా వాగు ఇప్పుడు పసుపుగా లేదు, ఏ రంగూ లేకుండా నురగ కట్టి పారుతోంది. అందులో దిగి చూసే పిల్లలు లేరు, చెడిపోవడానికి పక్కన పొలమూ లేదు.